మాట నుంచి గుర్తుకు: వారసత్వ లెక్కల నుంచి కంప్యూటరు దాకా

కొన్నేళ్ళ కిందట మా దగ్గరి బంధువుల ఇంట్లో పెద్దాయన ఇంతెఖాల్ అయినారు. వెనుక భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు మిగిలారు. నలభై రోజులు గడిచాక, ఆస్తి సంగతి తేల్చుకుందామని అందరూ ఒకచోట కూర్చున్నారు. లెక్క తేలికగా ఉండేందుకు అంకెలు మార్చి చెబుతున్నాను. ఆస్తి మొత్తం 10,80,000 రూపాయలు. బాకీలు, దఫన్ ఖర్చు, భార్యకు ఇవ్వవలసిన మహర్ అన్నీ కలిపి 1,20,000. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు.

ఒకాయన కాగితం మీద "ఆస్తి – బాకీ ÷ 8" అని రాశారు. మనవడు దాన్ని ఫోనులో కొట్టాడు. తల్లి వాటా 10,65,000 అని వచ్చింది! అందరూ నవ్వారు. అల్లుడొకాయన జేబులోంచి కొట్టులో వాడే చిన్న క్యాలుక్యులేటరు తీసి అవే మీటలు, అదే వరుసలో నొక్కారు. 1,20,000 అని వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంకొకాయన, "ఎనిమిదో వంతు మొత్తం ఆస్తిలోనే కదా, 1,35,000 రావాలి" అన్నారు. ఒకే మాటకు మూడు జవాబులు! ఏ జవాబు నిజమైతే ఆ మేరకు పిల్లల వాటాలు మారతాయి. గొంతులు పెరిగాయి.

చివరకు మౌల్వీ సాబ్ ఒక్క మాట చెప్పారు. "ముందు దఫన్ ఖర్చు, తర్వాత బాకీ, తర్వాత వసీయత్ ఉంటే అది, ఆ తర్వాతే వాటాలు. ఆ 'ఆస్తి – బాకీ' చుట్టూ ఒక బ్రాకెట్ గీయండి." గీశారు. 9,60,000లో ఎనిమిదో వంతు 1,20,000 తల్లికి వచ్చింది. మిగిలిన 8,40,000లో కొడుక్కి 4,20,000, ఒక్కొక్క కూతురికి 2,10,000. రెండు గీతలతో తగాదా తీరిపోయింది.

ఆ రాత్రి నుంచి నాకు ఒక ఆలోచన పట్టుకున్నది. నోటితో చెప్పే మాటను గణితపు గుర్తులుగా మార్చడమన్నది ఇంత కష్టమా? ఈ విద్య ఎక్కడ పుట్టింది? కంప్యూటరు దాన్ని ఎలా చేస్తున్నది? తెలుసుకున్న కొద్దీ, ఇది మన ఇళ్ళకు, మన ఊరికి చాలా దగ్గరి కథ అని తెలిసింది. దాన్ని మన సంఘం సభ్యులతో, పిల్లలతో పంచుకోవాలని ఈ వ్యాసం.

అల్ ఖ్వారిజ్మీ – మాటల్లో బీజగణితం

అబ్బాసీ ఖలీఫా అల్ మామూన్ కాలంలో బాగ్దాదు నగరంలో "బైతుల్ హిక్మా", అనగా జ్ఞాన నిలయం, పేరుపొందిన విద్యాకేంద్రం. అక్కడ పనిచేసిన పండితులలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఒకరు. సుమారు 820 ప్రాంతంలో ఆయన "అల్ జబ్ర్ వల్ ముఖాబలా" అనే లెక్కల గ్రంథం రాశారు. అందులోని "అల్ జబ్ర్" మాటే యూరపుకు పోయి "ఆల్జీబ్రా" అయింది. ఆయన పేరే లాటిను నోళ్ళలో నలిగి నలిగి "అల్గారిథమ్" అయింది. ఈ రెండు మాటలు లేకుండా నేడు ఏ కంప్యూటరు పుస్తకమూ లేదు.

అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. ఆ గ్రంథంలో ఒక్క గుర్తు కూడా లేదు! కూడిక గుర్తు లేదు, సమానం గుర్తు లేదు, అంకెలను కూడా అక్షరాలలోనే రాశారు. తెలియని రాశిని "షయ్" (వస్తువు) అనీ "జిజ్ర్" (వేరు) అనీ అన్నారు. దాని వర్గాన్ని "మాల్" (సొమ్ము) అన్నారు. ఒక మాల్, పది వేళ్ళు కలిస్తే ముప్పై తొమ్మిది దిర్హములు అయితే వేరు ఎంత? ఇది ఆయన ఇచ్చిన పేరుపొందిన లెక్క. వేళ్ళ సంఖ్యలో సగం అయిదు. అయిదును అయిదుతో గుణిస్తే ఇరవై అయిదు. దాన్ని ముప్పై తొమ్మిదికి కలిపితే అరవై నాలుగు. దాని వర్గమూలం ఎనిమిది. అందులో అయిదు తీస్తే మూడు. అదే జవాబు. మొదటి నుంచి చివరి దాకా అంతా మాటలే.

ఎలాంటి లెక్కనైనా ముందు ఆరు రకాలలో ఏదో ఒక రూపానికి తేవాలన్నది ఆయన చూపిన మార్గం. ఒక పక్క తీసివేతలో ఉన్నదాన్ని రెండో పక్కకు కలిపి పూరించడం "జబ్ర్". రెండు పక్కలా ఉన్న ఒకే జాతి రాశులను ఎదురెదురు పెట్టి కొట్టివేయడం "ముఖాబలా". అనగా, చెప్పిన మాటను ముందు ఒక ఆకారంలోకి తెచ్చి, తర్వాతే జవాబు వెతకాలి. నేటి కంప్యూటరు చేసేదీ ఇదే.

ఆ గ్రంథంలో పెద్ద భాగం దేని గురించి అనుకుంటున్నారు? వసీయత్, విరాసత్ లెక్కల గురించి! మన మదర్సాలలో ఇల్మె ఫరాయిజ్ అని చెప్పే శాస్త్రమే అది. అందులో ఒక లెక్క చూడండి. ఒక స్త్రీ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. ఆమె తన ఆస్తిలో ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపినంత ఒక పరాయి వ్యక్తికి వసీయత్ చేసింది. ఎవరికెంత?

ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపితే 56లో 15 వంతులు. ఇది మూడో వంతుకు లోపలే కాబట్టి వసీయత్ చెల్లుతుంది. మిగిలినవి 56లో 41 వంతులు. ఇందులో భర్తకు నాలుగో వంతు, తక్కినది పిల్లలకు, కొడుక్కి కూతురి వాటాకు రెండింతలు. ఆ 41 వంతులను ఇరవై భాగాలు చేస్తే భర్తకు 5, కొడుక్కి 6, ఒక్కొక్క కూతురికి 3. మొత్తం ఆస్తిని 1120 భాగాలు చేస్తే పరాయి వ్యక్తికి 300, భర్తకు 205, కొడుక్కి 246, ఒక్కొక్క కూతురికి 123. కూడి చూడండి, సరిగ్గా 1120 వస్తుంది. ఇక్కడ కూడా వసీయత్ ముందు, వాటాలు తర్వాత. మౌల్వీ సాబ్ గీయమన్న బ్రాకెట్ పన్నెండు వందల ఏళ్ళ కిందటి ఆ మాటల్లోనే దాగి ఉన్నది!

మొదటి అక్షరమే గుర్తు

మాటల్లో లెక్క నడిపితే చాంతాడంత అవుతుంది. దాన్ని కుదించే ఉపాయం మన దేశంలోనూ, అరబ్బులలోనూ ఒకే తీరుగా పుట్టింది. మాటకు బదులు దాని మొదటి అక్షరం రాయడమే ఆ ఉపాయం. 1150లో భాస్కరాచార్యులు రాసిన "బీజగణితం"లో తెలియని రాశి "యావత్తావత్", క్లుప్తంగా "యా". రెండో తెలియని రాశి "కాలక", క్లుప్తంగా "కా". మూడోది "నీలక", అనగా "నీ". మామూలు సంఖ్య "రూప", అనగా "రూ". రుణ రాశి అయితే పైన ఒక చుక్క. మరోవైపు పదిహేనో శతాబ్దంలో అందలూసు (నేటి స్పెయిన్)లో పుట్టి, 1486లో ట్యునీసియా ప్రాంతంలో కన్నుమూసిన అల్ ఖలసాదీ "షయ్"కు షీన్ అక్షరాన్ని, "మాల్"కు మీమ్ అక్షరాన్ని, సమానం అనడానికి లామ్ అక్షరాన్ని వాడారు. మగ్రిబ్ పండితులలో ఈ వాడుక ఆయనకు ముందే మొదలైంది.

మన ప్రాంతానికీ ఈ కథలో చోటు ఉన్నది. తెలుగులో మనకు దొరికిన మొదటి గణిత గ్రంథం పావులూరి మల్లన "సారసంగ్రహ గణితము". తొమ్మిదో శతాబ్దంలో జైన పండితుడు మహావీరాచార్యులు సంస్కృతంలో రాసిన "గణితసార సంగ్రహం" దానికి మూలం. మల్లన పదకొండో శతాబ్దం వాడనీ, ఆయన ఇంటిపేరులోని పావులూరు మన ఇంకొల్లు దగ్గరి ఊరేననీ పండితులు చెబుతారు. ఆయన లెక్కలను పద్యాలలో చెప్పారు. చదివేవాడు పద్యాన్ని విప్పి, ఏది దేనికి కలపాలో, ఏది దేనిలోంచి తీయాలో పట్టుకోవాలి. బాగ్దాదులో గద్యంలో చేసిన పనినే ఇక్కడ పద్యంలో చేశారు. గ్రంథం జైనులది, అనువాదం శైవుడిది, నేడు మెచ్చుకుంటున్నది మనం. విద్యకు మతం అడ్డుగోడ కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ స్పెయిన్‌లోని సెగోవియా నగరంలో అల్ ఖ్వారిజ్మీ గ్రంథాన్ని లాటిన్‌లోకి తెచ్చారు. తర్వాత యూరపు పండితులు గుర్తులను పెంచారు. సమానానికి రెండు గీతలు పెట్టింది 1557లో రాబర్ట్ రికార్డ్. తెలిసిన రాశులకు, తెలియని రాశులకు కూడా అక్షరాలు వాడింది 1591లో వియెట్. 1637లో డెకార్ట్ పుస్తకంతో గణితపు రాత దాదాపు నేటి బడి పుస్తకంలో కనిపించే రూపానికి వచ్చింది.

నల్లపాడు జంక్షన్, కంప్యూటరు

మనిషి కాగితం మీద గుర్తులను చూడగానే ఏది ముందో, ఏది తర్వాతో కన్ను పట్టుకుంటుంది. కంప్యూటరుకు కన్ను లేదు. దానికి "(ఆ–బా)÷8" అన్నది వరుసగా వచ్చే ఏడు అక్షరాలు, అంతే. ఆ అక్షరాల దండలోంచి అర్థాన్ని ఎలా పట్టుకోవాలి?

1957లో ఐబీఎం సంస్థలో జాన్ బ్యాకస్ బృందం "ఫోర్‌ట్రాన్" అనే భాషను విడుదల చేసింది. ఆ పేరుకు సూత్రాల అనువాదం అని అర్థం. మనిషి రాసిన సూత్రాన్ని యంత్రం తన పనిగా మార్చుకోవడం దానితో బాగా వాడుకలోకి వచ్చింది. 1961లో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ఇందుకు ఒక చక్కని పద్ధతి చెప్పారు. దాని పేరు "షంటింగ్ యార్డు" పద్ధతి. అవును, రైల్వే షంటింగే!

ఇక మన నల్లపాడు వాళ్ళకు వేరే చెప్పాలా? గుంటూరు నుంచి వచ్చిన దారి మన జంక్షన్‌లో చీలి ఒకటి నరసరావుపేట, నంద్యాల వైపు, ఇంకొకటి సత్తెనపల్లి, నడికుడి, పగిడిపల్లి వైపు పోతుంది. పట్టాల పక్కన పెరిగినవారికి ఏ పెట్టెను పక్క లైనులో ఆపాలి, దేన్ని ముందుకు వదలాలి అన్నది ఆటలాంటిది. డైక్‌స్ట్రా పద్ధతీ అదే. సూత్రంలోని ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కొక్క పెట్టె అనుకోండి.

రాశి వస్తే నేరుగా ముందుకు వదలాలి. గుర్తు వస్తే పక్క లైనులో నిలపాలి. పక్క లైనులో చివర చేరిన పెట్టే ముందు బయటికి వస్తుంది. దావత్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన పళ్ళేల వరుస లాగానన్నమాట. చివర పెట్టిందే ముందు తీస్తాం. కొత్తగా వచ్చిన గుర్తు కంటే పక్క లైనులో ముందున్న గుర్తుకు బలం ఎక్కువైనా, సమానమైనా, దాన్ని ముందు వదిలి, తర్వాతే కొత్తదాన్ని నిలపాలి. గుణకార భాగహారాలకు బలం ఎక్కువ, కూడిక తీసివేతలకు తక్కువ. తెరిచే బ్రాకెట్ వస్తే అది పక్క లైనులో గేటులా నిలబడుతుంది. మూసే బ్రాకెట్ వస్తే ఆ గేటు దాకా ఉన్న గుర్తులన్నీ బయటికి వస్తాయి.

మన లెక్కను ఇలా నడిపితే "ఆ, బా, –, 8, ÷" అనే వరుస వస్తుంది. అనగా ఆస్తిని, బాకీని తీసుకో, ముందు తీసివేయి, తర్వాత ఎనిమిదితో భాగించు. బ్రాకెట్ లేకుండా నడిపితే "ఆ, బా, 8, ÷, –" అని వస్తుంది. అనగా బాకీని ఎనిమిదితో భాగించి, దాన్ని ఆస్తిలోంచి తీయి. మనవడి ఫోనులో 10,65,000 ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా! ఫోను తప్పు చేయలేదు. గుర్తుల బలాబలాలు చూసి నియమం ప్రకారం నడిచింది. కొట్టులోని చిన్న యంత్రానికి ఆ నియమం తెలియదు. ఏ మీట నొక్కితే అప్పటికప్పుడు ఆ పని చేసేస్తుంది. అందుకే అది, అదృష్టవశాత్తు, సరైన జవాబు ఇచ్చింది. తప్పు కాగితం మీది రాతలో ఉన్నది. మనసులో ఉన్న బ్రాకెట్ కాగితం మీదకి రాలేదు.

గుర్తుల్ని రాశుల వెనుక రాసే ఈ తీరుకు మూలం పోలెండు పండితుడు లుకాసియెవిచ్ 1924లో ఆలోచించిన రాత. ఆయన గుర్తును ముందు పెట్టారు. దాన్ని తిరగేస్తే ఇది. ఇందులో బ్రాకెట్ అవసరమే ఉండదు, వరుసే అంతా చెబుతుంది.

లెక్కకూ ఒక షజరా

జవాబు చాలనుకుంటే ఇంతటితో సరి. కానీ అంకెలు వేయకముందే అక్షరాలతోనే లెక్క నడపాలంటే, కంప్యూటరు ఆ వరుసను ఒక చెట్టుగా కట్టుకుంటుంది. మన కుటుంబాల షజరా లాంటిదే. పైన "÷" ఉంటుంది. దాని కింద ఒక పక్క "–", ఇంకో పక్క 8. ఆ "–" కింద ఆస్తి, బాకీ. ఎవరు ఎవరి సంతానమో షజరా చూస్తే తెలిసినట్టు, ఏది దేని కింద ఉన్నదో ఇక్కడ తేటతెల్లంగా ఉంటుంది.

ఇలా అక్షరాలను అక్షరాలుగానే నడిపే విద్యకు 1958లో అమెరికాలో జాన్ మెకార్తీ తలపెట్టిన "లిస్ప్" భాష గొప్ప ఊతమిచ్చింది. 1961లో జేమ్స్ స్లేగిల్ ఆ భాషలోనే సమాకలనం లెక్కలు చేసే ప్రోగ్రాము రాశారు. 1968లో ఎమ్‌ఐటీలో "మాక్సిమా" పని మొదలైంది. ఆ మెకార్తీ గారి దగ్గరే మన తెలుగువారు, చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు పొందారు. నోటి మాటను యంత్రానికి అర్థం చేయించే పరిశోధనలో ఆయన పేరు గడించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. పల్లెటూరి బడి నుంచి వెళ్ళినవారే అది సాధించారని మన పిల్లలు గుర్తుంచుకోవాలి.

నేడు ఈ విద్య కోసం పెద్ద సంస్థలో చేరనక్కరలేదు. "పైథాన్" భాషలో "సింపై" అని ఉచితంగా దొరికే సాధనం ఉన్నది. సూత్రాన్ని మామూలు అక్షరాల దండగా ఇస్తే అది విప్పి చెట్టుగా కట్టి, అక్షరాలతోనే కూడి, విడదీసి చూపిస్తుంది. మన ఇంటి లెక్కనే ఇస్తే తల్లి వాటా (ఆ–బా)÷8, కూతురి వాటా 7(ఆ–బా)÷32, కొడుకు వాటా 7(ఆ–బా)÷16 అని తేలుతుంది. దీని లాభం ఏమిటంటారా? రేపు మరో బాకీదారు కాగితం పట్టుకుని వచ్చాడనుకోండి, తగాదా మళ్ళీ మొదటికి రాదు. "బా" దగ్గర కొత్త అంకె వేస్తే చాలు, అందరి వాటాలూ తమంతట తామే మారతాయి. అంకెతో చేసిన లెక్క ఒక్క ఇంటికి పనికివస్తుంది. అక్షరంతో చేసింది అలాంటి ఇళ్ళన్నిటికీ పనికివస్తుంది.

అయితే మూడు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, "2య" అని మనం రాస్తే రెండు ఇంటూ య అని మనకు తెలుసు; యంత్రానికి ప్రత్యేకంగా చెబితే తప్ప తెలియదు, మధ్యలో గుణకారం గుర్తు పెట్టాలి. రెండవది, మూడో వంతును మామూలుగా పైథాన్‌లో భాగిస్తే 0.333 అంటూ సాగే దశాంశంగా మారి ఎక్కడో ఒకచోట తెగిపోతుంది. అదే సూత్రాన్ని అక్షరాల దండగా సింపైకి ఇస్తే మూడో వంతును మూడో వంతుగానే ఉంచుతుంది. వారసత్వంలో ఈ తేడా చిన్నది కాదు. అల్లాహ్ నిర్ణయించిన వంతు వంతుగానే ఉండాలి. మూడవది, ఊరూ పేరూ తెలియనివారు పంపిన అక్షరాల దండను చూడకుండా దానికి ఇవ్వరాదు. ఆ సాధనం లోపల దాన్ని ప్రోగ్రాములాగా నడిపి చూస్తుంది, అందులో లెక్క ముసుగులో హాని చేసే ఆజ్ఞ ఉండవచ్చు. దాన్ని తయారుచేసినవారే ఈ హెచ్చరిక ఇచ్చారు. చదవకుండా కాగితం మీద వేలిముద్ర వేయరాదని మన పెద్దలు చెప్పే మాటే ఇది.

మనం చేయవలసింది

మిర్చి యార్డుకు నలభై టిక్కీలు తోలిన రైతు, తూకం, ధర, కమీషను, హమాలీ అన్నీ నోటితోనే కట్టి చేతికి ఎంత వస్తుందో చెప్పగలడు. ఆయన కొడుకే బడిలో అదే లెక్క నాలుగు వాక్యాలుగా ఇస్తే బిక్కమొహం వేస్తాడు. తెలివి తక్కువై కాదు. మాటలోంచి గుర్తులోకి వచ్చే మెట్టు ఎవరూ ఎక్కించలేదు, అంతే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అయిన మన పిల్లలకు ఆ మెట్టు ఇంకా ఎత్తు.

కాబట్టి సంఘం పెద్దలకు నాదొక మనవి. సాయంత్రం తరగతులలో పిల్లల చేత లెక్క చేయించే ముందు, ఆ లెక్కను తమ ఇంటి భాషలో చెప్పించండి. తర్వాత ప్రతి రాశికి మొదటి అక్షరం పెట్టించండి. ఏది ముందో అడిగి బ్రాకెట్ గీయించండి. అంకెలు చివరన వేయించండి. ఇదే అల్ ఖ్వారిజ్మీ దారి, భాస్కరుడి దారి, నేటి కంప్యూటరు దారి కూడా.

ఇంకొక మాట. ప్రతి ఇంట్లోనూ ఆస్తి, బాకీ, మహర్ వివరాలు రాసి పెట్టుకోండి. ఆడపిల్లలకు ఆ లెక్క నేర్పండి. లెక్క రాని చోట ముందు కరిగేది వాళ్ళ వాటాయే. మా బంధువుల ఇంట్లో ఆ సాయంత్రం కాగితం తీసుకుని అన్ని వాటాలూ మళ్ళీ కూడి, "సరిపోయింది" అన్నది చిన్న కూతురే. ఆ మాటతో అందరూ చాయ్ తాగి లేచారు.

అల్లాహ్ మనందరి జ్ఞానాన్ని పెంచుగాక, హక్కుదారుల హక్కు వారికి చేర్చే బుద్ధిని ఇచ్చుగాక. ఆమీన్.